వంతు తప్పిన చేపపిల్లలు

నెల్లూరు వెళ్ళొచ్చానని చెప్పగానే మా ల్యాబులో వాళ్ళు, మా ఇంటి ఓనరమ్మ, ఆఖరికి మా పళ్ళ డాక్టరు కూడా అడిగింది ఒకటే ప్రశ్న: చేపల పులుసు తిన్నావా? తిన్నాను. మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకుని తిన్నాను. కానీ నేను వెళ్ళింది ఆ చేపల కోసం కాదు. కనురెప్ప వెంట్రుకంత పొడవుండి, ఒంట్లో ఉన్నదంతా పైకే కనిపించే చేపపిల్లల కోసం. వాటితో పులుసు పెట్టాలంటే ఒక్క మనిషికి లక్ష పిల్లలైనా చాలవు.

సంగతి మొదట్నుంచి చెప్తాను. నా పేరు నీరజ. ఊరు వరంగల్. హైదరాబాదులో ఒక ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నాను. క్యాన్సర్ పుట్టినచోటు నుంచి ఒంట్లో ఇంకోచోటికి ఎట్లా పాకుతుందన్నది నా పని. మనుషుల లోపల జరిగే ఆ ప్రయాణాన్ని కూర్చుని చూడలేం కనుక జీబ్రాఫిష్ అనే చారల చేప పిల్లల్ని వాడతాం. రెండు రోజుల పిల్లకి సన్నటి గాజుసూదితో, ఎర్రగా మెరిసే రంగు పట్టించిన క్యాన్సర్ కణాల్ని ఎక్కిస్తాం. తర్వాత రోజూ మైక్రోస్కోపులో చూస్తాం. ఆ ఎర్రచుక్కలు ఎక్కించినచోటే బుద్ధిగా ఉన్నాయా, తోకదాకా షికారుకు వెళ్ళాయా అని లెక్కపెడతాం. ఇందుకు నాకు స్టైపెండ్ ఇస్తారు.

నేనొక మందు పట్టాను. ఆ మందు కలిపిన నీళ్ళలో పెరిగిన పిల్లల్లో ఎర్రచుక్కలు పెద్దగా కదల్లేదు. మామూలు నీళ్ళలో పిల్లలకి మాత్రం తోకదాకా చుక్కలే. ఆ గ్రాఫుని మా గైడు తన కంప్యూటర్ తెర మీద పెట్టుకున్నారు. అంతకు ముందు అక్కడ వాళ్ళ మనవరాలి ఫోటో ఉండేది. పేపర్ రాసి పంపాం. పత్రికవాళ్ళు ఒక్క మాట అడిగారు: పిల్లల్ని ఇంకో వారం బతికించి, అప్పుడు కూడా కణాలు పాకలేదని చూపించండి. అక్కడ ఆగిపోయాం. మా పిల్లలు ఆరో రోజు నుంచి తిండి తినక చచ్చిపోతున్నాయి.

"నెల్లూరు తీరంలో హేచరీలవాళ్ళు లక్షల రొయ్యపిల్లల్ని బతికిస్తారు. నువ్వు వంద చేపపిల్లల్ని బతికించలేవు. వెళ్ళి నేర్చుకుని రా" అన్నారు గైడుగారు. అవమానంగా అనిపించింది గానీ, నాలుగు రోజులు ల్యాబు మొహం చూడక్కర్లేదు కదా అని వెంటనే టికెట్ తీసుకున్నాను.

నెల్లూరు

స్టేషన్ బయట చిన్న హోటల్లో నెయ్యి కారం దోశె చెప్పాను. "కారం తగ్గించమంటారా మేడం?" అన్నాడు వడ్డించే ఆయన. "మాది వరంగల్" అన్నాను, అక్కడికి అదేదో పెద్ద సర్టిఫికెట్ అయినట్టు. సగం దోశె అయ్యేసరికి కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు. ఆయన ఏమీ అడక్కుండా గిన్నెడు నెయ్యి తెచ్చి దోశె మీద ఒంపాడు. "అందురూ మొదట ఊరి పేరే చెప్తారు మేడం" అన్నాడు. దోశె అరవై రూపాయలు. ఆ నెయ్యికి ఏమీ తీసుకోలేదు.

ముత్తుకూరు దాటించి హేచరీ దగ్గర దింపడానికి ఒక ఆటో దొరికింది. దారిలో డ్రైవరు ఏం పని మీద వచ్చానని అడిగాడు. క్యాన్సర్ ఎట్లా పాకుతుందో ల్యాబులో చూస్తుంటానని చెప్పాను. అతను ఆటో పక్కకి ఆపి, వెనక సీటు కింద పెట్టుకున్న టిఫిన్ క్యారియర్‌ని నా బ్యాగు పక్కనుంచి తీసి ముందుకి మార్చుకున్నాడు. "తప్పుగా అనుకోబాకండి మేడం. అన్నం గదా" అన్నాడు. అది అంటుకునే జబ్బు కాదని పోర్టు లారీల మోతలో అరిచి అరిచి చెప్పాను. సరేనంటూ తల ఊపాడే గానీ, క్యారియర్ మాత్రం వెనక్కి రాలేదు.

ముత్తుకూరు దాటాక

హేచరీ అంటే ఆస్పత్రిలాగా ఉంటుందనుకున్నాను. సిమెంటు రేకుల షెడ్లు, మోటార్ల హోరు, సముద్రం నుంచి వచ్చే లావుపాటి పైపులు. గేటు దగ్గర క్రిములు చావడానికి మందు కలిపిన గులాబీ రంగు నీళ్ళ తొట్టి ఉంది. అందులో కాళ్ళు ముంచందే లోపలికి ఎవరికీ దారి లేదు. తొట్టి అవతల నిలబడ్డ మనిషి ప్రభుదాసు. యాభై దాటిన వయసు, మోకాళ్ళ పైకి మడిచిన ప్యాంటు, మెడలో చిన్న శిలువ. పాతికేళ్ళుగా రొయ్యపిల్లలకి తిండి పెట్టే పని ఆయనది. నాకు గురువు కూడా ఆయనే.

"దారిలో యాడన్నా రొయ్యల గుంట కాడ దిగినావా పాపా?"

"లేదన్నా."

"ఇంకో హేచరీకి పొయినావా?"

"లేదు."

"ఒంటికేమన్నా పూసుకున్నావా?"

రైల్లో దోమలు పీక్కుతిన్నాయి. ట్యూబు సగం ఖాళీ అయ్యేదాకా దోమల క్రీము పూసుకున్నానని చెప్పాను. ప్రభుదాసన్న రెండడుగులు వెనక్కి వేశాడు. "ఒక్క ఏలు ముంచితివా, ట్యాంకు ట్యాంకే పోతాది" అన్నాడు. ఆటో డ్రైవరు పడ్డదీ అక్షరాలా ఇదే భయం, కాకపోతే అక్కడ సంగతి తెలిసినదాన్ని నేను.

గేటు పక్కన కొళాయి గదిలో రెండు బకెట్ల నీళ్ళతో స్నానం చేయించారు. నా బట్టలకీ ఆ క్రీము వాసనే కాబట్టి వాటిని సంచిలో కట్టేసి, క్వార్టర్స్ నుంచి ప్రభుదాసన్న భార్య నైటీ తెప్పించారు. పసుపు మీద పెద్ద పెద్ద ఊదా పూలు. పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్న నేను ఆ నైటీతో, కింద రబ్బరు బూట్లతో పరిశోధనకి లోపలికి నడిచాను. అక్కడ ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడమే ఎక్కువ బాధ అనిపించింది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. మా ల్యాబులో ఒకే చిన్న వలని అన్ని తొట్లలోనూ ముంచుతాం. ఇక్కడ ప్రతి ట్యాంకుకీ వేరే బకెట్, వేరే మగ్గు. వయసులో చిన్న పిల్లల ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పెద్దవాటి దగ్గరికి వెళ్ళాలి గానీ, ఎన్నడూ వెనక్కి రాకూడదు. పాకడం గురించి ఈ మనుషులకి తెలిసినంత మాకు తెలియదని ఆ పూటే అర్థమైంది.

లేత నోళ్ళు

మర్నాడంతా పాఠాలు. మా చేపపిల్లలకి ఏం పెడుతున్నామని ప్రభుదాసన్న అడిగాడు. ఆర్టీమియా అని చెప్పాను. అది కంటికి కనీకనిపించని ఉప్పునీటి పురుగు. డబ్బాలో దాని గుడ్లు ఎండు పొడిలాగా వస్తాయి. నీళ్ళలో వేస్తే ఒక రోజుకి పొదుగుతాయి.

"డొప్పలు తీసే పెడతన్నారా?"

"ఏం డొప్పలు?"

ఆయన తల పట్టుకున్నాడు. పొదిగిన నీళ్ళని గాజు జాడీలో పోసి, అడుగున ఒక మూల టార్చిలైటు పెట్టాడు. గుడ్ల డొప్పలు పైకి తేలాయి. పురుగులన్నీ నారింజరంగు మేఘంలాగా వెలుతురు దగ్గరికి చేరాయి. వాటిని మాత్రం గొట్టంతో లాగి, కడిగి, చేతిలో పెట్టాడు. మేం నాలుగేళ్ళుగా డొప్పలతో సహా పోస్తున్నాం. అవి తిన్న పిల్లల పేగులు పూడుకుపోయి ఉంటాయి.

"ఇంకోటి. అయిదు రోజుల బిడ్డ నోట్లో ఇది గూడా పట్టదు. ముందర నాచు పెరిగిన పచ్చనీళ్ళు, దాంట్లో పెరిగే సన్న పురుగులు, మూడు రోజులైనాక ఇది. నీ బిడ్డకైతే తొలి ముద్దకే గోంగూర పచ్చడన్నం పెడతావా?"

నాకు పెళ్ళే కాలేదన్నాను. "కానీలే, ఇప్పుట్నుంచే నేర్చుకో" అన్నాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన నా పని గురించి అడిగాడు. చేపపిల్లలు, ఎర్రచుక్కలు, మందు, అన్నీ చెప్పాను. వింటూ వింటూ అన్నం కలపడం ఆపేశాడు. వాళ్ళ అక్క కరుణమ్మకి నిరుడు రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిందట. అల్లూరు దగ్గర వాళ్ళ ఊరు, ఆమెకో రొయ్యల గుంట ఉంది. వాళ్ళాయన పోర్టులో లారీ నడుపుతాడు కాబట్టి గుంట పని మొత్తం ఆమెదే. మూడు నెలలకోసారి నెల్లూరు ఆస్పత్రికి వెళ్ళి, ఎక్కడికైనా పాకిందేమో చూపించుకోవాలి. ప్రభుదాసన్న ఎడంచేత్తోనే ఫోన్ కలిపి, ఆమెకి నా మందు సంగతి రెండు ముక్కల్లో చెప్పి, నా చెవి దగ్గర పెట్టాడు.

"నీ మందు పెడితే పాకదంట గదా పాపా, నిజమేనా?" అంది అవతల గొంతు.

చేపల్లో మాత్రమే చూశామని చెప్పాలి. మనుషులదాకా రావడానికి ఏళ్ళు పడుతుందని చెప్పాలి. చెప్పాను కూడా, మొదటి వాక్యంలో. కానీ ఆ గొంతులో ఆశ విన్నాక రెండో వాక్యం నాకు తెలియకుండానే జారింది. "ఆగిందక్కా. మా చేపల్లో చాలావరకు ఆగిపోయింది. మంచి మందే" అన్నాను. నా జీవితంలో ఎవరూ నా పరిశోధన గురించి అంత శ్రద్ధగా వినలేదు. మా అమ్మకైతే ఇప్పటికీ నేను చేపల శాఖలో పనిచేస్తున్నాననే నమ్మకం.

అల్లూరు

మూడో రోజు తెల్లవారుజామున వ్యానులో అల్లూరు బయల్దేరాం. వ్యాను నిండా రొయ్యపిల్లల కవర్లు, వాటి మధ్య ఐసు, ముందు సీట్లో ప్రభుదాసన్న, నేను. అదృష్టం కొద్దీ ఉతికిన నా బట్టలు ఆరాయి. ఆ సీడుని, అంటే రొయ్యపిల్లల్ని, పక్కపక్కనే గుంటలున్న ముగ్గురు రైతులు కలిసి తెప్పించుకున్నారు: కరుణమ్మ, పెంచలయ్య, రమణారెడ్డి. మొత్తం ముప్పై ఆరు కవర్లు, ఒక్కొక్కరికి పన్నెండు.

వరిపొలాలు దాటాక గుంటల గట్లు మొదలయ్యాయి. కరుణమ్మ గట్టు మీద ఎదురుచూస్తోంది. చీర మోకాలిదాకా దోపుకుని, పైన మగవాళ్ళ చొక్కా వేసుకుని, నవ్వు మొహంతో ఉంది. నన్ను చూడగానే బురద చేతులతోనే నా రెండు చెంపలూ పట్టుకుంది. "ఇంతేనా, ఇంత చిన్న పిల్లవా! ఫోన్లో పెద్ద డాక్టరమ్మ మాదిరి మాట్టాడినావే" అంది.

అప్పుడే హేచరీ నుంచి ఫోన్ వస్తే ప్రభుదాసన్న పక్కకి వెళ్ళాడు. మిగతా ఇద్దరు రైతులు ఇంకా గుంటల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు సరిచేస్తున్నారు. ఖాళీగా నిలబడటం ఎందుకని నేను కవర్లు దించడానికి సిద్ధపడ్డాను. కరుణమ్మ గుంట అందరికంటే దగ్గర. ఆమె అవతలి గట్టుకి వెళ్ళి వచ్చేలోపు ఎనిమిది కవర్లు మోసి ఆమె గుంటలో తేలేశాను. నీళ్ళ చల్లదనానికి అలవాటుపడేదాకా కవర్లని విప్పకుండా అట్లా తేలేస్తారని నిన్ననే నేర్చుకున్నాను. మంచి విద్యార్థినిని కదా.

"ఆపండి! ఎవురా దించేది?" పెంచలయ్య గట్టు మీద పరిగెత్తుకొచ్చాడు. వెనకే రమణారెడ్డి. వాళ్ళ కోపం నాకు అర్థమైంది, ముందు వాళ్ళకి ఇవ్వలేదని. కానీ అందరికంటే ఎక్కువ అరిచింది కరుణమ్మ.

"ఎనిమిదీ నాకే దించినావా! నా కొంప ముంచినావు గదే!"

"మీది దగ్గరగా ఉందని అక్కా. మీకే కదా మంచిది?"

"ఏంది మంచి? ముందర ఈ పెంచలయ్య ఏం జేసినాడో అడుగు."

పెంచలయ్య వెంటనే ఏరేటర్ల వైపు చూడ్డం మొదలుపెట్టాడు. కథ రమణారెడ్డి చెప్పాడు. కొన్ని పంటల కిందట వ్యాను రాగానే మొదటి కవర్లన్నీ పెంచలయ్య గుంటలో దిగాయి. పొద్దున్నే, చల్లగా ఉండగానే దిగిన పిల్లలు హుషారుగా ఈదాయి. మిగతా ఇద్దరి కవర్లు ఎండెక్కాక దిగాయి. అప్పటికే పిల్లలు సొమ్మసిల్లాయి. ఆ పంటకి పెంచలయ్య బూడిదరంగు పొడి ఏదో చల్లాడు. రొయ్య బ్రహ్మాండంగా వచ్చింది.

"అంతా పొడి మహిమ అన్యాడు. ఊరంతా జెప్పుకున్యాడు. మేమిద్దరం మళ్ళా పంటకి మూటలు మూటలు పోసినాం. ఏమీ రాలా. పొడిలో ఏముండాది మేడం? వీడి పిల్లలు ముందర దిగినాయి, అంతే."

"అప్పుట్నుంచి ఒక కవరు నాకు, ఒకటి వీడికి, ఒకటి రెడ్డికి. వంతు. పంట బాగొచ్చినా పొయినా కారణమేందో తెలవాల గదా. రేపు నా గుంటలో రొయ్య బాగొస్తే నా చేతి పనితనమా, నువ్వు ముందర దించినందుకా? నేను జెప్తే మాత్రం ఎవురు నమ్ముతారు?" అంది కరుణమ్మ.

ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది గానీ నాకు వినిపించడం ఆగిపోయింది. నా సూది పని గుర్తొచ్చింది. పొద్దున్నే కణాల్ని తీసి ఐసులో పెట్టుకుంటాను. మొదట మామూలు నీళ్ళ పిల్లలన్నిటికీ ఎక్కిస్తాను. మందు తుంపర పొరపాటున వీటికి తగలకూడదని నా జాగ్రత్త. తర్వాత చేతులు కడుక్కుని, క్యాంటీన్లో భోజనం చేసి, మధ్యాహ్నం మందు నీళ్ళ పిల్లలకి ఎక్కిస్తాను. అంటే మామూలు పిల్లలకి వెళ్ళింది తాజా కణాలు. మందు పిల్లలకి వెళ్ళింది గంటల తరబడి ఐసులో నీరసించిన కణాలు. అవి తోకదాకా నడవలేదంటే, నా మందు ఆపిందా, వాటికే ఓపిక లేదా?

పెంచలయ్య పొడిని మా గైడు తెర మీద పెట్టుకుని రోజూ చూసుకుంటున్నారేమో అనిపించింది. ముగ్గురు రైతులూ తిట్టుకుంటూ ఆ ఎనిమిది కవర్లనీ మళ్ళీ ఒడ్డుకి తెచ్చి, వంతులేసి పంచుకున్నారు. నన్ను వ్యాను దరిదాపులకి రానివ్వలేదు.

బొమ్మిడాయల పులుసు

ఇక్కడ బొమ్మిడాయి చేపల పులుసు నిన్నటిదైతేనే మర్యాద. మా వరంగల్లో చుట్టానికి నిన్నటి కూర పెడితే ఏడాది పాటు మాటలుండవు. కరుణమ్మ మాత్రం ముందురోజు సాయంత్రమే మామిడికాయ ముక్కలేసి, రాత్రంతా మట్టి దాకలో ఊరనిచ్చి, "నీ కోసమే నిన్న వండినా" అని గర్వంగా చెప్పింది. ఆ రుచి గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం ఇక్కడే ఆగిపోతుంది. మూడోసారి వేయించుకుంటుండగా వాళ్ళ చర్చి నుంచి నలుగురు ఆడవాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చారు. మందు కనిపెట్టిన అమ్మాయి ఇదేనా అని ఒకామె అడిగింది. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను, జవాబు చెప్పకుండా ఉండటానికి.

"ఈ వారంలో నెల్లూరు ఆస్పత్రికి పోవాల్సుండాది" అంది కరుణమ్మ వాళ్ళతో. "మూడు నెలలయ్యింది. పోదల్చుకోలా. ఎట్టాగూ మందు వస్తా ఉంటే ఇంకెందుకు, ప్రతిసారీ ఆ మిషన్లోకి దూరేది."

"అట్లా కాదక్కా, చెకప్‌కి వెళ్ళాలి" అన్నాను.

"పోదాంలే, తిను."

ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది. నా గ్రాఫు తప్పేమో అని ఆ నలుగురి ముందు నోరు తెరిచి చెప్పలేకపోయాను. సూది వేసిన టైములన్నీ రాసుకున్న నోటుబుక్కు ఫోటోలు ఫోన్లో ఉన్నాయి. చూస్తే కొన్ని రోజులైనా మందు పిల్లలకే ముందు వేసి ఉంటాననీ, భయపడాల్సింది ఏమీ ఉండదనీ నాకు నేనే చెప్పుకున్నాను. పిరికిదాన్ని. ఆ పూట ఆ ఇంట్లో పులుసు తిన్నంత ధైర్యంగా ఇంకేమీ చేయలేదు.

కావలి

సాయంత్రం రైలు కావలి నుంచి. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని ఫోన్ తీశాను. పక్కన ఒక పెద్దావిడ ఒళ్ళో మల్లెపూలు పోసుకుని మాల కడుతోంది. మొదటి రోజు: మామూలు పిల్లలు పది గంటలకి, మందు పిల్లలు ఒంటిగంట దాటాక. రెండో రోజు అంతే. మూడో రోజు అంతే. ఆరుసార్లు చేసిన ప్రయోగంలో ఆరుసార్లూ అంతే. వాటిలో ఒక్కరోజు క్యాంటీన్ మూతబడటం వల్ల మందు పిల్లలకి ఎప్పటికంటే గంట ముందే వేశాను. ఆ రోజు ఎర్రచుక్కలు కొంచెం ఎక్కువ పాకాయి. అది ఏదో పొరపాటై ఉంటుందని పక్కన నేనే ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

రైలు వచ్చి ఆగింది. నా బోగీ సరిగ్గా నా ముందే ఆగింది, ఎన్నడూ లేనిది. నేను లేవలేదు.

"నీది ఇదిగాదా మా?" అంది పూలావిడ.

"ఇదే."

"మరి?"

"ఒకరికి ఒక మాట చెప్పడం మర్చిపోయాను."

"ఫోనుండాదిగా చేతిలో" అంది. ఆవిడ అన్నది నిజమే. కానీ ఫోన్లో చెప్పిన మాట వల్లే ఇదంతా వచ్చింది. రైలు వెళ్ళిపోయింది. ఆవిడ ఒక మూర తుంచి నా చేతిలో పెట్టి, "రైలు తప్పినా తల్లో పూలుంటే సగం బాధ పోతాది" అంది. డబ్బులిస్తే తీసుకుంది. ఉచితం అనుకున్నందుకు నవ్వొచ్చింది.

మళ్ళీ అల్లూరు

ఆటో దిగేసరికి ఇంకా వెలుతురుంది. కరుణమ్మ గట్టు మీద కూర్చుని, గుంటలోంచి ఒక గ్లాసు నీళ్ళు తీసి, పిల్లలు ఎట్లా ఈదుతున్నాయో ఎత్తి చూస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రైలు పొయిందా?"

"నేనే ఎక్కలేదక్కా."

పక్కన కూర్చుని అంతా చెప్పాను. ముందు ఎవరికి వేశానో, తర్వాత ఎవరికి వేశానో, పెంచలయ్య పొడిలాగా నా మందు కూడా కావచ్చని. ఆమె గ్లాసు దించకుండానే వింది.

"అయితే నీ మందు పనిజెయ్యదా?"

"తెలియదక్కా. చేస్తుందనీ చెప్పలేను, చేయదనీ చెప్పలేను. వంతులేసి మళ్ళీ మొదట్నుంచి చేయాలి. మీకు మంచి మందని చెప్పాను చూడండి, అది చెప్పకూడదు. ఆ మాట నమ్మి మీరు ఆస్పత్రికి వెళ్ళడం మానేశారు. అందుకే వెనక్కి వచ్చాను." నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

కరుణమ్మ గ్లాసులో నీళ్ళు గుంటలో పోసింది.

"నీ మందుని నమ్మి పోలేదనుకున్నావా? ఎవురో పిల్ల, ఫోన్లో ఒక మాట అంటే నమ్మేస్తానా నేను? వ్యాపారుల మాటలు ఎన్ని విన్నా ఈ గట్టు మీద." గ్లాసు గట్టు మీద బోర్లించింది. "భయమేసి పోలా పాపా. ఆ మిషన్లో పండుకున్నంత సేపు యాడ పాకిందో, యాడ పాకిందో అని చస్తా. ఇంట్లో జెప్పేదానికి ఒక సాకు కావాల. నువ్వు దొరికినావు."

నేను కళ్ళు తుడుచుకుని ఆమె వైపు చూశాను. ఆమె కళ్ళలోనూ నీళ్ళున్నాయి గానీ మొహంలో నవ్వు పోలేదు.

"రైలు గూడా ఎక్కకుండా వొచ్చి ఆ ఒక్క సాకు గూడా లేకుండా జేసినావు గదే. రేపు నువ్వు గూడా రా నాతో. ఒక్కదాన్నే పోలేను."

నెల్లూరు, మళ్ళీ

ఆస్పత్రి వరండాలో నాలుగు గంటలు కూర్చున్నాం. ఆమె నా చెయ్యి వదల్లేదు. పేరు పిలవగానే నర్సు "మీతో వచ్చిందెవరు?" అని అడిగింది. "మా గుంటలో సీడు తప్పుగా దించిన పిల్ల" అంది కరుణమ్మ. నర్సు అదే రాసుకోబోయి ఆగింది.

ఎక్కడికీ పాకలేదు. డాక్టరు ఆ మాట చెప్పి తర్వాతి పేషెంటుని పిలిచేశాడు. మేం బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, ఇద్దరం కాసేపు ఏడ్చి, తర్వాత చెరో కారం దోశె తిన్నాం. ఊరి పేరు చెప్పకుండా, కారం తగ్గించమని ముందే అడిగాను.

"మళ్ళా మూడు నెలలకి రమ్మన్నారు" అంది చేయి కడుక్కుంటూ. "ఈలోగా ఇంకేదన్నా మంచి సాకు దొరికితే ఫోన్ జెయ్యి."

హైదరాబాదు

గైడుగారికి చెప్పాను. ఆయన చాలాసేపు ఆ తెర వైపు చూశారు. తర్వాత పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకి ఉత్తరం రాశారు. నన్ను ఒక్క మాట అనలేదు. "నేనైనా వరస అడిగి ఉండాల్సింది" అన్నారు. తెర మీద మనవరాలు మళ్ళీ వచ్చింది.

ప్రయోగం మొదట్నుంచి చేశాను, మూడు నెలలు పట్టింది. ఒక పిల్ల మామూలు నీళ్ళకి, ఒక పిల్ల మందు నీళ్ళకి, వంతులేసి. ప్రభుదాసన్న చెప్పినట్టు తిండి పెడితే పదోరోజు దాటినా పిల్లలు నిక్షేపంగా బతికాయి. ఎర్రచుక్కలు కూడా నిక్షేపంగా పాకాయి. మందు నీళ్ళలోనూ, మామూలు నీళ్ళలోనూ, ఒకేలా. నాలుగేళ్ళ పనిలో నేను కచ్చితంగా చెప్పగలిగిన మొదటి సంగతి అదే, ఆ మందు ఆపదు.

రెండు రోజులు వాయిదా వేసి, మూడో రోజు పొద్దున కరుణమ్మకి ఫోన్ చేశాను. అవతల బస్సు మోత, కండక్టర్ కేకలు. మందు పనిచేయలేదక్కా అని గట్టిగా అరిచి చెప్పాను.

"తెలుసులే" అంది. "ఆస్పత్రికే పోతా ఉండా. పెట్టెయ్."